కత్తి పట్టిన ఇంట దయగల బిడ్డ

మన తెలుగులో దయలేనివాణ్ని తిట్టడానికి ఒక మాట ఉంది: కసాయి. గొర్రె కసాయివాణ్నే నమ్ముతుందని సామెత కూడా ఉంది. ఆ మాట విసిరేవాళ్లలో చాలామంది ఆదివారం పొద్దున్నే అదే కసాయి దుకాణం ముందు సంచి పట్టుకుని నిలబడతారు. మెత్తటి ముక్కలు వేయమని, కార్జం కాస్త ఎక్కువ కలపమని బతిమాలతారు. కోసినవాడు కసాయి, కొని వండుకు తిన్నవాడు పెద్దమనిషి! ఈ లెక్క లోకానిది. బైబిలు ఇలా లెక్కగట్టలేదు.

ఈ మాటను తిట్టుగా వింటూ పెరిగే పిల్లలు ఉన్నారు. ఆరెకటికలు, ఖురేషీలు తరతరాలుగా ఈ వృత్తిలో ఉన్నారు. మన సంఘాల్లోనూ మటన్ దుకాణం, చికెన్ సెంటర్ నడుపుకుని బతికే కుటుంబాలు ఉన్నాయి. ఆ ఇళ్లలో పుట్టి, జీవాల మధ్యే పెరిగి, వాటి మీద ప్రాణం పెట్టుకున్న పిల్లల పరిస్థితి ఏమిటి? పగలు మేత వేసిన చేత్తోనే తెల్లవారుజామున కాళ్లు పట్టుకోవాల్సి వస్తే ఆ పసి మనసు ఎంత నలుగుతుంది? దీని గురించి మన వేదికల మీద మాట్లాడేవారు అరుదు.

ఒక ఇంట్లో జరిగింది

ప్రకాశం జిల్లాలోని ఒక మండల కేంద్రంలో మా సహవాసానికి బాగా తెలిసిన ఒక విశ్వాస కుటుంబం ఉంది. తండ్రి పాతికేళ్లుగా మటన్ దుకాణం నడుపుతున్నాడు. వారం వారం సంతలో జీవాలను కొని తెచ్చి ఇంటి వెనక వేపచెట్టు కింద కడతాడు. వాటికి నీళ్లు పెట్టడం, అవిశ ఆకు, తుమ్మకాయలు వేయడం చిన్నప్పటి నుంచీ పెద్దకొడుకు పని. ఏ మేక కుంటుతోందో, ఏ గొర్రె మేత ముట్టడం లేదో తండ్రి కంటే ముందు వాడే చెప్పేవాడు. గిట్టల మధ్య పుండు పడితే కడిగి వేపనూనె రాసేవాడు. రేపు కోయబోయే జీవానికి ఈ రోజు మందెందుకురా అని ఎవరైనా నవ్వితే, ‘‘ఈ రోజు నొప్పి ఈ రోజుదే కదా’’ అనేవాడు.

2022లో క్రిస్మస్ ఆదివారం నాడే వచ్చింది. పండుగ బేరం, పైగా ఆదివారం. తెల్లవారుజామున మూడింటికే పని మొదలైంది. ఇంటర్ బైపీసీ చదువుతున్న ఆ అబ్బాయి కాళ్లు పట్టుకున్నాడు, తండ్రి కోశాడు. పొట్ట చీల్చి చూస్తే లోపల రెండు పిల్లలు. అమ్మినవాడు చూలు సంగతి చెప్పలేదు, చీకట్లో వీళ్లూ గమనించలేదు. ఆ అబ్బాయి చేతులు కడుక్కుని బయటికి వచ్చి మళ్లీ ఆ పెరట్లోకి వెళ్లలేదు. ఆనాటి నుంచి మాంసం ముట్టలేదు.

తర్వాత ఇంట్లో మాటలు పెరిగాయి. పశువుల డాక్టరు చదువు చదువుతానని కొడుకు పట్టు పట్టాడు. ‘‘నువ్వు వాటికి వైద్యం చేసి బతికిస్తావు, నేను కోసి అమ్ముతాను. ఒకే కప్పు కింద ఇదెట్లా కుదురుద్దిరా? ఆ మొద్దు మీద కొట్టిన డబ్బుతోనే నీ ఫీజులు కట్టింది’’ అన్నాడు తండ్రి. ఆ మాటకు కొడుకు అన్నం మానేసి మేనత్త ఇంటికి వెళ్లిపోయాడు. మూడు నెలలు తిరిగి రాలేదు.

బయటివాళ్లు ఊరుకోలేదు. పేతురుకు చంపి తినమని ఆకాశం నుంచి స్వరం వచ్చింది కదా, నీదంతా విశ్వాసం లేనితనమని ఒక పెద్దాయన ఆ అబ్బాయిని గద్దించాడు. మీ నాన్న చేసేది పాపం, ఆ డబ్బు ముట్టుకోవద్దని ఒక స్నేహితుడు ఎగదోశాడు. ఇద్దరూ వాక్యమే ఎత్తి చూపారు!

ప్రార్థనకని వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆ తండ్రి మాతో అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. ‘‘అయ్యగారూ, నాకు దయ లేదనే కదా మావాడు అనేది! రోజూ రాత్రి కూర్చుని కత్తికి పదును పెట్టేది ఎందుకనుకుంటున్నాడు? మొండి కత్తితో కోస్తే దాని ప్రాణం ఎంతసేపు గిలగిలలాడుద్దో వాడికంటే నాకు తెలుసు. ఆ క్రిస్మస్ నాడు నేనూ అన్నం తినలేదండి. వాడు అడగలేదు, నేను చెప్పలేదు.’’

దయ ఆ ఇంట్లో ఇద్దరికీ ఉంది. ఒకరిది ఒకరికి కనబడలేదు. అంతే తేడా.

వాక్యం ఎవరి పక్షం?

తండ్రి పక్షమా, కొడుకు పక్షమా అని అడిగితే బైబిలు ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడుతుంది. ఆదిలో మనుషులకూ జంతువులకూ దేవుడు ఆహారంగా ఇచ్చింది మొక్కలనే (ఆదికాండము 1:29-30). జలప్రళయం తర్వాతే మాంసం తినడానికి అనుమతి వచ్చింది (9:3). ఆ మరుసటి వచనంలోనే హద్దు కూడా పెట్టాడు: రక్తంతో తినకూడదు, అందులో ప్రాణం ఉంది (9:4). కొంచెం ముందుకు వెళితే, నోవహుతో చేసిన నిబంధనలో పక్షులను, పశువులను, ఓడలో నుంచి బయటికి వచ్చిన ప్రతి ప్రాణినీ చేర్చుకున్నాడు (9:9-10). తినడానికి అనుమతి, ప్రాణులతో నిబంధన రెండూ ఒకే అధ్యాయంలో ఉన్నాయి. ఒకటి చదివి రెండోది దాటేస్తే సగం వాక్యమే చదివినట్టు.

పస్కా గొర్రెపిల్ల సంగతి చూడండి. నెలలో పదో రోజున దాన్ని ఏర్పరచుకోవాలి, పద్నాలుగో రోజు వరకు ఉంచుకోవాలి, ఆ సాయంకాలం వధించాలి (నిర్గమకాండము 12:3-6). ఆ నాలుగు రోజులూ ఇశ్రాయేలీయుల పిల్లలు దానికి గడ్డి పెట్టి ఉండరా? దాని మెడ నిమిరి ఉండరా? విడుదలకు ఎంత వెల అయిందో ఆ పిల్లలకు వేరే బోధకుడు చెప్పనక్కరలేకపోయింది. బలి తెచ్చిన మనిషి కూడా ఆ పశువు తల మీద తన చెయ్యి ఉంచి తానే వధించాలని లేవీయకాండము ఆదేశించింది (1:4-5). పాపం నాది, చంపే పాపభారం మాత్రం పక్కవాడిది అనే వెసులుబాటు అక్కడ లేదు. హెబ్రీ పత్రిక పదో అధ్యాయం చెప్పినట్టు క్రీస్తు ఒక్కసారే అర్పించుకోవడంతో ఆ బలులు ఆగిపోయాయి. ప్రాణం విలువ గురించి అవి నేర్పిన పాఠం మాత్రం ఆగిపోలేదు.

మాంసం తినే ప్రజలకే దేవుడు దయ నేర్పాడు. ఆవునైనా గొర్రెనైనా దాని పిల్లతోపాటు ఒకే రోజున వధించకూడదు (లేవీయకాండము 22:28). పుట్టిన పిల్ల ఏడు రోజులు తల్లి దగ్గర ఉండాలి (22:27). నూర్చే ఎద్దు మూతికి చిక్కం కట్టకూడదు (ద్వితీయోపదేశకాండము 25:4). నిన్ను ద్వేషించేవాడి గాడిద బరువు కింద కూలిపోతే వదిలి వెళ్లకుండా లేపాలి (నిర్గమకాండము 23:5). విశ్రాంతి దినం ఎద్దుకూ గాడిదకూ కూడా ఉంది (23:12). నీతిమంతుడు తన పశువు ప్రాణాన్ని పట్టించుకుంటాడని సొలొమోను చెప్పాడు (సామెతలు 12:10). క్రిస్మస్ తెల్లవారుజామున రెండు పిల్లలను చూసి ఆ అబ్బాయికి కలిగిన దుఃఖం లేవీయకాండానికి తెలిసిన దుఃఖమే. దాన్ని విశ్వాసం లేనితనం అనడం వాక్యాన్ని ఎరగకపోవడమే.

పేతురుకు వచ్చిన దర్శనం మాటేమిటి? ఆ స్వరానికి అర్థం పేతురే చెప్పాడు: ఏ మనిషినీ అపవిత్రుడని, నిషిద్ధుడని అనకూడదని దేవుడు తనకు చూపించాడట (అపొస్తలుల కార్యములు 10:28). ఆ దర్శనం చూసినప్పుడు పేతురు ఎవరింట్లో ఉన్నాడు? సముద్రం ఒడ్డున చర్మకారుడైన సీమోను ఇంట్లో! చచ్చిన పశువుల తోళ్లతో పని కాబట్టి యూదులు చిన్నచూపు చూసిన వృత్తి అది. యొప్పేలో చాలా దినాలు పేతురు అక్కడే బస చేశాడు (9:43). కాబట్టి ఆ వాక్యంతో కొడుకును గద్దించేవారు ముందు తండ్రిని కసాయి అనడం మానుకోవాలి.

ఎగదోసిన స్నేహితుడికీ జవాబుంది. కొరింథు సంఘంలో మాంసం విషయమై కలహం లేచినప్పుడు అంగడిలో అమ్మేదాన్ని మనస్సాక్షి నిమిత్తం ఆరా తీయకుండా తినవచ్చని పౌలు రాశాడు (1 కొరింథీయులకు 10:25). రోమా సంఘానికి రాస్తూ ఇద్దరికీ చెరొక ఆజ్ఞ ఇచ్చాడు. తినేవాడు తిననివాణ్ని తృణీకరించకూడదు, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదు (14:3). సరిగ్గా ఆ ఇంట్లో జరిగిన తప్పులు ఈ రెండే! ఆ అధ్యాయం చివర పౌలు ఇంకొకటి చెప్పాడు: అనుమానంతో చేసేది విశ్వాసమూలం కాదు (14:23). వణుకుతున్న పిల్లవాడి చేతిలో బలవంతంగా కత్తి పెట్టేవారు ఈ వచనం దగ్గర ఆగి ఆలోచించాలి.

దయకు దారి చూపినవారు

జంతువుల మీద దయ మన విశ్వాసానికి కొత్తగా అంటిన లోకపు ఆలోచన అని కొందరి అభిప్రాయం. చరిత్ర అలా చెప్పడం లేదు. మెదక్ ప్రాంతానికి సువార్త తెచ్చిన వెస్లియన్ మిషనరీలు ఎవరి పేరుతో పిలవబడ్డారో ఆ జాన్ వెస్లీ 1781లోనే రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయం మీద ఒక ప్రసంగం రాశాడు. సృష్టి అంతా మూలుగుతోందని అపొస్తలుడు చెప్పిన మాటలో పశువులూ ఉన్నాయని, రాబోయే విడుదలలో వాటికీ పాలు ఉందని అందులో వాదించాడు.

1824 జూన్ 16న లండన్‌లో కొద్దిమంది ఒక కాఫీ హోటల్లో సమావేశమై జంతు హింస నివారణ సంఘాన్ని స్థాపించారు. దాన్ని పిలిచింది ఆర్థర్ బ్రూమ్ అనే ఆంగ్లికన్ పాదిరి. బానిస వ్యాపారం మీద పోరాడిన విలియం విల్బర్‌ఫోర్స్ ఆ బల్ల చుట్టూ కూర్చున్నవారిలో ఒకడు. బ్రూమ్ తన సంఘకాపరి ఉద్యోగం వదిలి ఈ పనిలో దిగాడు. పశువుల సంతకు తనిఖీదారులను పంపాడు. సంఘం అప్పులు ఆయన మెడకు చుట్టుకుని 1826లో జైలుకు కూడా వెళ్లాడు. 1840లో విక్టోరియా రాణి ఆ సంఘానికి రాజ గౌరవం ఇచ్చింది. పునాది వేసినవాడు మాత్రం జైలు చూశాడు.

ఇంకొకరి సంగతి ఆ తండ్రీకొడుకులకు మరీ దగ్గరగా ఉంటుంది. 1947లో అమెరికాలో జన్మించిన టెంపుల్ గ్రాండిన్‌కు ఆటిజం. చిన్నతనంలో మాటలు ఆలస్యంగా వచ్చాయి. పశువులంటే ఆమెకు ఎంతో ఇష్టం. ఆ ఇష్టంతోనే ఆమె కబేళాలోకి వెళ్లింది. పశువులు నడిచే ఇరుకు దారిలో తానే వంగి నడిచి, వాటి కళ్లకు ఏం కనబడుతోందో చూసింది. వేలాడుతున్న గొలుసు, నేల మీద నీడ, తడి మీద మెరిసే వెలుతురు... ఇంత చిన్నవాటికే అవి బెదిరి నిలిచిపోతున్నాయని, అప్పుడు మనుషులు కర్రలతో పొడుస్తున్నారని గ్రహించింది. దారిని వంపు తిప్పింది, బెదురు కలిగించేవి తీసేయించింది. అమెరికా, కెనడాల్లో అనేక కబేళాలు ఆమె గీసిన నమూనాల మీద కట్టినవే. పశువును ప్రేమించినవారు కబేళాకు శత్రువులే కానక్కరలేదు. చివరి ఘడియలోనూ దానికి భయం తగ్గించడం ఒక పరిచర్యే.

డాక్టరూ దుకాణమూ

‘ఒకే కప్పు కింద ఇదెట్లా కుదురుద్ది’ అన్న తండ్రి ప్రశ్నకు మన దేశ చట్టమే ఒక జవాబు ఇచ్చింది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద 2001లో కబేళా నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం చూలుతో ఉన్న జీవాన్ని, మూడు నెలల లోపు పిల్ల ఉన్న తల్లిని, మూడు నెలలు నిండని పిల్లను వధించకూడదు. ఒక జీవం చూస్తుండగా మరొకదాన్ని వధించకూడదు. వధకు ముందు పశువైద్యుడు పరీక్షించి ధ్రువీకరించాలి. ఆ వైద్యుడు గంటకు 12, రోజుకు 96 జీవాలకు మించి చూడకూడదు. తొందరలో చూస్తే చూలు కనబడదు, జబ్బూ కనబడదు కాబట్టే ఆ లెక్క. లేవీయకాండంలో దేవుడు చెప్పినదానికీ ఈ నియమాలకూ ఎంత పోలిక! కష్టమేమిటంటే చాలా ఊళ్లలో ఇవి కాగితం దాటి రావడం లేదు. వచ్చి ఉంటే ఆ క్రిస్మస్ ఆ ఇంట్లో వేరుగా ఉండేది.

అంటే పశువైద్యుడు దుకాణానికి విరోధి కాడు. మంచి దుకాణానికి మొదట కావలసినవాడు అతడే. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ మొదటిది, దాదాపు 1.91 కోట్లు. ఆంధ్రప్రదేశ్ రెండోది, దాదాపు 1.76 కోట్లు. ఇన్ని జీవాలున్న నేల మీద చిటుకు రోగం, నీలి నాలుక, పీపీఆర్ వచ్చాయంటే మందలకు మందలు పోతాయి, వాటిని నమ్ముకున్న కుటుంబాలు కూలిపోతాయి. బైపీసీ చదివిన పిల్లలకు బీవీఎస్సీ ఉంది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర, హైదరాబాద్‌లో పీవీ నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. పదో తరగతి అర్హతతో పశుసంవర్ధక పాలిటెక్నిక్ డిప్లొమా ఉంది. మాంసం శుభ్రత మీద హైదరాబాద్ శివారు చెంగిచెర్లలో కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థే ఉంది.

ఆ అబ్బాయికి బీవీఎస్సీ సీటు రాలేదు. 2023లో పాలిటెక్నిక్‌లో చేరాడు. ఫీజు కట్టింది తండ్రే, ఆ మొద్దు మీద సంపాదించిన డబ్బుతోనే. సెలవులకు వచ్చినప్పుడు తండ్రితో కలిసి సంతకు వెళ్లేవాడు. గొర్రె పొట్ట తడిమి, పొదుగు చూసి, ‘‘ఇది వద్దు నాన్నా, చూలుతో ఉంది’’ అని చెప్పేవాడు. తండ్రి బేరం వదిలేసేవాడు. అలా వదిలినందుకు ఒక్కోసారి ఖాళీ చేతులతో ఇంటికి వచ్చిన రోజులూ ఉన్నాయి. కొడుకు మాంసం తినడం లేదు, తండ్రి తినమని అడగడం లేదు. అన్నీ సర్దుకున్నాయని చెప్పలేం. ఇంకా కొన్ని రాత్రులు మాటలు లేకుండానే భోజనం ముగుస్తుంది. అయినా ఇద్దరూ ఒకే చోట కూర్చుని తింటున్నారు.

మనకు ఏమి బోధ?

ఇలాంటి మనసున్న యువతీ యువకులకు ఒక మాట. మీలోని జాలి బలహీనత కాదు, దేవుడు పెట్టిన భారం. దాన్ని చంపుకోవద్దు. అయితే దాన్ని తల్లిదండ్రుల మీద రాయిగా విసరవద్దు. ఎలీషా అరక వదిలి ఏలీయా వెంట వెళ్లేముందు తండ్రిని, తల్లిని ముద్దు పెట్టుకుని వస్తానని సెలవడిగాడు (1 రాజులు 19:20). పిలుపు వచ్చిన ఇంటికి కృతజ్ఞత చెప్పి కదిలినవాడే దూరం నడుస్తాడు.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలు కుంగిపోకుండా వారిని విసిగించవద్దని పౌలు హెచ్చరించాడు (కొలొస్సయులకు 3:21). మీ కత్తి పదును వెనక ఉన్న దయను నోరు తెరిచి చెప్పండి. చెప్పని దయ పిల్లలకు కనబడదు. నీ గొర్రెల పరిస్థితి బాగా తెలుసుకోమని సామెతలు చెబుతోంది (27:23). ఆ పని చేయడానికి చదువుకున్న బిడ్డ మీ వృత్తికి వారసుడు కాడని ఎవరన్నారు?

సంఘాలకు మరీ ముఖ్యమైన మాట. ఆదివారం ఆరాధన పది గంటలకు. మటన్ దుకాణం రద్దీ కూడా అప్పుడే. మనం కొనుక్కుని ఆరాధనకు వస్తాం, లేదా ఆరాధన నుంచి కొనుక్కుని వెళతాం. మనకు తూచి ఇచ్చేవాడు మాత్రం బల్లారాధనకు రాలేడు. ఏళ్ల తరబడి ప్రభువు బల్లకు దూరమైన కుటుంబాలు ఉన్నాయి. ఆదివారం రాడేమని అడిగేముందు, ఆ రోజు ఆయన్ను అక్కడ నిలబెట్టింది ఎవరో ఆలోచించాలి. సాయంకాలం ఇంకొక ఆరాధన పెట్టలేమా? ఆ ఇంటికి వెళ్లి బల్ల ఇవ్వలేమా? క్రిస్మస్ విందుకు వంద కేజీల మాంసం చెప్పే కమిటీ పెద్దలు, డాక్టరు చూసిన జీవమేనా, చూలుది కాదు కదా అని ఒక్క మాట అడగలేరా? కాస్త ధర ఎక్కువైనా అడిగి కొంటే ఆ దుకాణదారుడి చేతిలో దయకు బలం వస్తుంది. చదువుకోవాలనే అలాంటి బిడ్డకు సంఘం కొంత ఫీజు కడితే, అది మిషనరీకి పంపిన కానుకకు తక్కువ కాదు.

యోనా గ్రంథం ఎలా ముగుస్తుందో గమనించారా? నీనెవె మీద కోపంతో సొర చెట్టు ఎండిపోయిందని అలిగి కూర్చున్న ప్రవక్తను దేవుడు ఒక ప్రశ్న అడుగుతాడు. కుడి ఎడమలు తెలియని లక్షా ఇరవై వేలకు పైగా మనుషులున్న ఆ మహానగరం గురించి నేను జాలిపడకూడదా అని అంటూ, చివరగా అక్కడి పశువులను కూడా లెక్కలో చేర్చుతాడు (4:11). ఆ ప్రశ్నకు యోనా ఏం జవాబు చెప్పాడో ఆ గ్రంథంలో లేదు. జవాబు చెప్పాల్సింది మనం. మనుషుల మీద జాలి, పశువుల మీద జాలి ఆ హృదయంలో ఒకదానికొకటి అడ్డు రాలేదు. ఆ హృదయాన్ని ఆరాధించేవారి ఇళ్లలోనూ అవి అడ్డు రాకూడదు.